బస్సు కూడా గేటు లోపలే

రెండు వేల ఒకటిలో కార్తీక మాసమూ రంజాన్ నెలా ఒకే నెలవంకతో మొదలయ్యాయి. వంక ఒకటే అయినా మా స్కూలు కరస్పాండెంటు రామకోటేశ్వరరావు గారికి అందులో కార్తీకం ఒక్కటే కనపడింది. ఆయన్ని తప్పుపట్టను. పటమటలోని ఆ చిన్న స్కూల్లో రంజాన్ ఒక్కపొద్దులుండే టీచర్ని నేనొక్కదాన్నే. ఒక్కదాని కోసం నెల మార్చమనలేను కదా.

పిల్లల్ని బయటికి తిప్పడానికి ఆయనకి కార్తీకమే అనువు. వానలు వెనకబడతాయి, ఎండ మెత్తబడుతుంది, అర్ధ సంవత్సరం పరీక్షలకి ఇంకా వ్యవధి ఉంటుంది. ఆ నెలలో మూడు, నాలుగు తరగతుల వాళ్ళకి మూడు ప్రయాణాలు పెట్టారు. కొండపల్లి బొమ్మలు, ఉండవల్లి గుహలు, ఆఖర్న వనభోజనాలు. మూడింటికీ ఇంచార్జి మూడో తరగతి క్లాస్ టీచర్ జుబియా మేడమ్, అంటే నేను. అరవై రెండు మంది పిల్లలు, మెడలో ఒక విజిలు, ఒక సంచీ నిండా నిమ్మకాయలు, ఇంకో సంచీ నిండా వాంతుల కవర్లు. పొద్దున ఎక్కిన దగ్గర్నుంచీ అరుస్తూనే ఉండాలి, పొద్దుగుంకే దాకా గొంతులో చుక్క నీళ్ళు పోసుకోకూడదు. ఇరవై ఏళ్ళు దాటినా ఆ నెల తలుచుకుంటే నాకు ముందు కాళ్ళు పీకుతాయి.

ఆ అరవై రెండు మందిలో మా అమ్మాయి ఆస్రా కూడా ఉంది. మూడో తరగతి, నా క్లాసే.

మా స్కూల్లో టీచర్ల పిల్లలు తల్లిని అమ్మ అనకూడదు. ఎక్కడా రాసి లేదు, కానీ అందరికీ తెలుసు. ఒకటో తరగతిలో ఉన్నప్పుడు ఆస్రా ప్రేయర్ లైను దాటుకుని, "అమ్మీ" అంటూ వచ్చి నా చీర కుచ్చిళ్ళు పట్టుకుంది. రామకోటేశ్వరరావు గారు అప్పుడేమీ అనలేదు. మర్నాడు ఆఫీసు రూములోకి పిలిచి, "మిగతా పిల్లలకి కూడా అమ్మలున్నారు కదా మేడమ్. వాళ్ళు ఇంటి దగ్గరుంటారు" అన్నారు, ఎంతో మర్యాదగా. ఆ మర్యాదకే నేను చచ్చిపోయాను. ఆ సాయంత్రం ఆస్రాని ఎదురుగా కూర్చోబెట్టుకుని పాఠం చెప్పినట్టే చెప్పాను.

"గేటు లోపల మిస్, గేటు బయట అమ్మీ. ఇంటి సంగతులు స్కూలుకి తేవద్దు, స్కూలు సంగతులు ఇంటికి తేవద్దు. అర్థమైందా?"

కాసేపు ఆలోచించింది. "మరి పిక్నిక్ బస్సులో?"

"బస్సు కూడా గేటు లోపలే."

ఎక్కాల కన్నా తొందరగా వచ్చేసింది దానికి ఆ పాఠం. నేను మురిసిపోయాను కూడా. మా ఆయన బాబ్జాన్ ఆటోనగర్లో లారీ మెకానిక్. "ఇంట్లో ఇద్దరు మేడమ్‌లు తయారయ్యారు, ఇక నేను నిలబడే అన్నం తినాలి" అని ఎగతాళి చేసేవాడు.

కొండపల్లి వెళ్ళింది రెండో ఒక్కపొద్దు నాడు. బొమ్మలు చేసే ఒక ముసలాయన అరుగు మీద కూర్చుని, పొణికి కర్రని వెచ్చబెట్టి తేమ ఎలా తీస్తారో, చెక్కిన చేతుల్నీ కాళ్ళనీ చింతగింజల ముద్దతో ఎలా అతుకుతారో పిల్లలకి చూపించాడు. ఆస్రా ముందు వరసలో ఉంది. ఆయన దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, "ముక్కు మీదేనమ్మా. మీ పాపేనా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే ఆస్రా చేతులు కట్టుకుని, "మా మిస్ అండీ" అంది.

ముసలాయన నవ్వాడు. నేనూ నవ్వాను. పక్కనున్న తెలుగు టీచర్ సంపూర్ణమ్మ గారు మాత్రం నవ్వలేదు. బస్సెక్కాక నా పక్కన కూలబడి, "నీకు మనసెలా ఒప్పుతుందే జుబియా? నావల్ల అయితే కాదు" అంది.

"అలవాటైపోయిందండీ. దానికి నాకన్నా బాగా అలవాటైంది."

ఆ రోజు సోమవారం. కార్తీక సోమవారం కాబట్టి ఆవిడదీ ఉపవాసమే. ఆవిడ నక్షత్రం కోసం, నేను సూర్యుడు దిగడం కోసం, ఒకే కిటికీలోంచి ఆకాశం చూసుకుంటూ విజయవాడ దాకా వచ్చాం. వెనక సీట్లో పిల్లలు పాటలు పాడుతుంటే ఇద్దరికీ ఆపమనే ఓపిక లేదు.

ఇంట్లో ఆ రంజాన్ ఎప్పటిలా లేదు. మా అత్త బేగం బీ పామర్రు మనిషి. పెళ్ళయిన నాటి నుంచీ ఒక్క ఒక్కపొద్దు వదిలి ఎరగదు. ఆ యేడు షుగరు బాగా పెరిగిందని డాక్టరు ఉండొద్దన్నాడు. మొదటి రోజు మధ్యాహ్నం వంటింట్లో గోడ వైపు తిరిగి కూర్చుని, దొంగతనం చేస్తున్నట్టు అన్నం తింది. అది ఆస్రా చూసింది. దగ్గరికెళ్ళి, "నీ బదులు నేనుంటాలే దాదీ" అంది.

పిల్లల మొదటి ఒక్కపొద్దు మా ఇళ్ళలో చిన్న పెళ్ళి లాంటిది. కొత్త బట్టలు కుట్టిస్తారు, చుట్టాల్ని పిలుస్తారు, మెడలో పూలదండ వేసి మధ్యలో కూర్చోబెడతారు. సాయంత్రం మగ్రిబ్ అజాన్ వినగానే అందరికన్నా ముందు ఆ పిల్ల నోట్లో ఖర్జూరం పెట్టాకే మిగతా వాళ్ళు ముట్టుకుంటారు. పామర్రులో మా మరిది జాహిద్ కొడుకు అమన్‌కి కిందటేడు చేశారు. అప్పట్నుంచీ ఆస్రాకి అదే ధ్యాస. ఇప్పుడు దాదీ పేరు కూడా కలిసింది. ఆ వయసు పిల్లకి ఉండి తీరాలని ఏమీ లేదు. అడుగుతోంది కాబట్టి ఒక్క రోజు ఉండనిస్తే సరిపోయేది. నేనే వాయిదాలు వేశాను. కొండపల్లి ఉందని ఒకసారి, స్లిప్ టెస్టు ఉందని ఒకసారి, ఉండవల్లి ఉందని ఒకసారి. ఉండవల్లి మెట్ల మీద నాకే కళ్ళు తిరిగి సంపూర్ణమ్మ గారి భుజం పట్టుకున్నాను. అది చూశాక పిల్లని ఉండనివ్వడానికి ఇంకా భయమేసింది. చివరికి ఒక ఆదివారం ఖాయం చేశాం. బేగం బీ పామర్రుకి కబురు పెట్టింది.

బుధవారం నాడు రామకోటేశ్వరరావు గారు నోటీసు పంపించారు. ఆ ఆదివారమే మైలవరం దగ్గర మామిడితోటలో వనభోజనాలు.

సాయంత్రం చేతిలో సంచీ ఇంకా దించకుండానే చెప్పేశాను. "ఈ ఆదివారం కుదరదు అత్తమ్మా. జాహిద్ వాళ్ళకి ఇంకో రోజు చెప్దాం."

"ఇంకో రోజు ఇంకో పిక్నిక్ వస్తుంది" అంది బేగం బీ.

"ఎండలో కళ్ళు తిరిగి పడిపోతే? నేను అరవై మందిని చూసుకోనా, దీన్ని చూసుకోనా?"

"అక్కడ నువ్వు దీన్ని చూసిందెప్పుడు?"

నాకు ఒళ్ళు మండింది. నిజం కాకపోతే అంత మండేది కాదు. "వద్దంటే వద్దు" అన్నాను. ఆస్రా హోంవర్కు చేసుకుంటూ తలెత్తలేదు. ఏడుస్తుందేమో, ఏడిస్తే ఇంకో రెండు కేకలు వేద్దామని చూశాను. ఏడవలేదు. ఒప్పుకుందనుకున్నాను. టీచర్లకి ఆ జబ్బు ఉంటుంది, మాట్లాడని పిల్లలందరికీ పాఠం అర్థమైందనుకుంటాం.

ఆదివారం తెల్లవారుజామున సహరీకి మాతో పాటు ఆస్రా కూడా లేచి తింది. పిల్లలు సరదాకి సహరీ తినడం, తెల్లారాక మళ్ళీ ఇడ్లీలు తినడం మా ఇళ్ళలో మామూలే. తెల్లారాక ఇడ్లీ తిన్నదో లేదో చూడటానికి నేను ఇంట్లో లేను. ఆరింటికల్లా స్కూల్లో ఉండాలి. దాన్ని తర్వాత బాబ్జాన్ బండి మీద తెచ్చి దింపాడు.

గొల్లపూడి దాటాక బస్సులో బిస్కెట్ పాకెట్లు పంచాం. ఆస్రా తన పాకెట్ విప్పకుండానే పక్కనున్న సాయిశ్రీ ఒళ్ళో పెట్టడం నేను చూశాను. అలిగిందనుకున్నాను. అలిగితే అలిగింది, నాకూ కోపాలున్నాయి అనుకుని ముందుకి తిరిగాను.

తోట బావుంది కానీ అందులో ఉసిరి చెట్టు లేదు. రామకోటేశ్వరరావు గారు ఎక్కడి నుంచో ఒక ఉసిరి కొమ్మ కొట్టించి తెచ్చి, నేలలో పాతించి, దాని చుట్టూ ముగ్గు వేయించారు. పిల్లలకి కార్తీక మాసం గురించి, ఉసిరికాయలో ఉండే విటమిన్ గురించి ఒకే ఊపిరిలో చెప్పారు. తర్వాత ఆటలు. నేను విజిలు ఊదుతున్నాను, ఎవరిదో చెప్పు వెతుకుతున్నాను, చెట్టెక్కిన వాణ్ణి దింపుతున్నాను. ఆస్రా ఒక మామిడి మొదట్లో కూర్చుని ఉంది.

"ఆడవా?"

"కాళ్ళు నొప్పి మిస్."

ఒంటిగంటకి విస్తళ్ళు వేశారు. పులిహోర, గారెలు, పూర్ణాలు, పప్పు, సాంబారు, పెరుగన్నం. కిందటేడు వనభోజనాల్లో ఒక పిల్ల ఏమీ తినకుండా ఇంటికెళ్ళి పడిపోయిందని తండ్రి వచ్చి గొడవ చేశాడు. అందుకని ఆ యేడు సార్ ఒక పద్ధతి పెట్టారు. వరసకొక టీచరు. ఆ వరసలో ఎవరి విస్తరిలోనూ ఏదీ మిగలకూడదు. అందరూ తిన్నాకే వరస లేవాలి. కొందరు తల్లిదండ్రులు కూడా వచ్చారు. సార్ చేతిలో కెమెరా ఉంది. స్కూలు పుస్తకంలో వెయ్యడానికి ఫోటోలు తీస్తున్నారు.

సాంబారు బకెట్ పట్టుకుని నేను మూడో తరగతి వరసలో రెండోసారి తిరుగుతున్నాను. ఆ వాసనకి కడుపులో పేగులు కదులుతున్నాయి, నాలుక అంగిలికి అంటుకుపోయింది. "నువ్వు కూర్చో, నేను వడ్డిస్తా" అని సంపూర్ణమ్మ గారు రెండుసార్లు అంది. నేను ఇవ్వలేదు. ఒక్కపొద్దుతో ఉన్నా అందరితో సమానంగా చేస్తానని చూపించుకోవాలి నాకు.

"మిస్, ఆస్రా అసలు ముట్టుకోలేదు మిస్" అంది సాయిశ్రీ.

చూశాను. విస్తరిలో వడ్డించింది వడ్డించినట్టే ఉంది. వరస మొత్తం అయిపోయి దాని కోసం ఆగి ఉంది. రెండో వైపు నుంచి సార్ కెమెరాతో వస్తున్నారు.

"ఏంటిది?"

"ఆకలి లేదు మిస్."

"ఆకలి లేకపోవడమేంటి, పొద్దున బిస్కెట్లు కూడా తినలేదు. తిను."

అది తలెత్తి నా మొహంలోకి చూసింది. "ఇంటికెళ్ళాక చెప్తాను మిస్."

"ఇంటి సంగతులు ఇక్కడికి తేవద్దన్నానా లేదా?"

"చిన్నపిల్ల, వదిలెయ్యి జుబియా" అంది వెనక నుంచి సంపూర్ణమ్మ గారు. ఆవిడ ఆ మాట అనకపోతే వదిలేసేదాన్నేమో తెలీదు. నా కూతురు కాబట్టి వదిలేశానని ఆ తల్లిదండ్రులంతా అనుకుంటారని అనిపించింది. ఇంకో పిల్లయితే పక్కన కూర్చుని బుజ్జగించేదాన్ని. బుజ్జగించడం కూడా పక్షపాతమే అవుతుందని నిలబడే ఉన్నాను.

"అందరూ నీ కోసం ఆగారు ఆస్రా. తిను."

అది పులిహోర ముద్ద నోట్లో పెట్టుకుంది. ఒకదాని మీద ఒకటి, తల వంచుకుని, ఆగకుండా తినేసింది. పూర్ణం తింది, పెరుగన్నం తింది, విస్తరి శుభ్రం చేసింది. రామకోటేశ్వరరావు గారు వచ్చి చూసి, "డిసిప్లిన్ అంటే అదీ మేడమ్. సొంత పిల్ల దగ్గరే తెలుస్తుంది" అని వరసని ఫోటో తీశారు. నాకు సంతోషం వేసింది. దాచుకోవడమెందుకు, నిజంగానే వేసింది.

"చెయ్యి కడుక్కోవచ్చా మిస్?" అని అడిగింది ఆస్రా.

తిరుగు ప్రయాణంలో అది కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. అయిదుంపావుకి ఇల్లు చేరాం. గుమ్మంలో చెప్పులు కుప్పగా ఉన్నాయి. లోపల జాహిద్, ఆయన భార్య, అమన్, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఉన్నారు. నేల మీద దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచి పళ్ళు, పకోడీలు, హలీమ్ సర్ది ఉన్నాయి. బాబ్జాన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని నవ్వుతున్నాడు. నేను చెప్పులు విప్పేలోపే ఆడవాళ్ళు ఆస్రాని లోపలికి తీసుకెళ్ళి, మొహం కడిగి, ఆకుపచ్చ పట్టు పావడా వేసి, మెడలో మల్లెల దండ వేసి తెచ్చి మధ్యలో కూర్చోబెట్టారు.

బేగం బీ నా చెయ్యి పట్టుకుంది. "నీకు చెప్తే వద్దంటావని చెప్పలేదు. తిట్టాలనుకుంటే నన్ను తిట్టు, దాన్నేమీ అనకు. పొద్దున్నుంచీ ఉంది నా తల్లి, పిక్నిక్కులో కూడా."

ఆస్రా దండ బరువుకి మెడ కొంచెం వంచుకుని కూర్చుంది. నా వైపు చూడటం లేదు. మసీదు నుంచి అజాన్ మొదలైంది. బేగం బీ ఖర్జూరం గింజ తీసి, బిస్మిల్లా అని, దాని నోటి దగ్గర పెట్టింది.

ఆస్రా నోరు తెరవలేదు. "నేను తిన్నాను దాదీ" అంది.

గదిలో అందరి చేతులూ ఆగిపోయాయి. బేగం బీ మాత్రం నవ్వింది. "మర్చిపోయి తిన్నావా? మర్చిపోయి తింటే ఒక్కపొద్దు పోదమ్మా. అల్లాయే పెట్టాడనుకోవాలి."

ఆ దారి దానికి తెరిచే ఉంది. తలూపితే సరిపోయేది.

"మర్చిపోలేదు. ఆకలేసింది. తినేశా."

అమన్ కిసుక్కున నవ్వాడు. వాళ్ళమ్మ వాడి నెత్తి మీద ఒకటి ఇచ్చి, "పిల్లలు కదా, వచ్చే యేడు ఉంటుందిలే" అంది. బేగం బీ ఖర్జూరాన్ని కాసేపు చేతిలోనే పట్టుకుని, తర్వాత నాకు ఇచ్చింది. నేనే తినమన్నాను అని చెప్పడానికి రెండు మాటలు చాలు. చెప్పలేదు. ఖర్జూరం నోట్లో వేసుకున్నాను. పొద్దున్నుంచీ నీళ్ళు లేవు, అరిచి అరిచి గొంతు పోయింది, చాలా అలిసిపోయాను అని నాకు నేను చెప్పుకున్నాను. అలసట మంచి సాకు, దేనికైనా పనికొస్తుంది.

చుట్టాలు వెళ్ళిపోయాక దాని దగ్గరికెళ్ళాను. పావడా విప్పి మడత పెట్టుకుంటోంది.

"ఆకలేసిందని ఎందుకు చెప్పావు? నేను తినమన్నానని చెప్పొచ్చుగా."

"స్కూలు సంగతులు ఇంటికి తేవద్దన్నావు కదా" అంది. వెక్కిరింపు కాదు. చెప్పిన పాఠం అప్పజెప్పింది, అంతే.

వంటింట్లోకి వెళ్ళి, గిన్నెలు తోముతున్న బేగం బీకి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె అంతా విని, చేతిలో గిన్నె తోమడం పూర్తి చేసి, బోర్లించింది.

"ఇందాక చెప్పాల్సింది. అందరూ ఉన్నప్పుడు" అంది.

నాలుగు తిట్టి ఉంటే బావుండేది. మర్నాటి నుంచీ ఆస్రా జడ ఆమే వేసింది. దెబ్బ తగిలినా, పెన్సిలు పోయినా, బయట ఎవరైనా ఏమన్నా పిల్ల నేరుగా ఆమె దగ్గరికే వెళ్ళేది. బాబ్జాన్‌కి కూడా చెప్పాను. ఆయన మేడమ్‌ల ఎగతాళి ఆ రోజుతో మానేశాడు. ఆ వేసవిలో నేను ఆ స్కూలు ఉద్యోగం మానేశాను. గొంతు పాడైందని చెప్పాను, అది కొంత నిజమే. తర్వాత ఇంకో స్కూల్లో చేరాను, ఆస్రాని మాత్రం అక్కడ చేర్చలేదు.

అయితే ఆ రంజాన్ ఇంకా రెండు వారాలు మిగిలి ఉంది. ఆస్రా ఒక్కపొద్దు మాట మళ్ళీ ఎత్తలేదు. ఇరవై ఆరో రోజు నేనే అడిగాను.

"రేపు ఉంటావా?"

"రేపు స్కూలుంది కదా."

ఇద్దరికీ కలిపి ఒకే కాగితం మీద సెలవు చీటీ రాశాను. ఆ యేడంతా నేను పెట్టిన మొదటి సెలవు అది. రామకోటేశ్వరరావు గారు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, సంతకం పెట్టారు.

ఆ శుక్రవారం ఆస్రా ఉంది. ఎవర్నీ పిలవలేదు, దండ తేలేదు. బేగం బీ మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు గోడ వైపు తిరగలేదు, మనవరాలి ఎదురుగానే కూర్చుని తింది. ఒకటిన్నరకి దానికి పెదవులు ఎండిపోయాయి. చాప మీద పడుకుంది. నేను పక్కన కూర్చుని తడిగుడ్డతో దాని అరికాళ్ళు తుడుస్తున్నాను.

"అమ్మీ, ఒకటి అడగనా?"

"అడుగు."

"ఆ రోజు తోటలో, నేను ఒక్కపొద్దుతో ఉన్నానని నీకు చెప్పుంటే, తినొద్దనేదానివా?"

అవునని నోటిదాకా వచ్చింది. ఒక్కపొద్దు నోటితో అబద్ధం చెప్పకూడదు. ఆ తోట కళ్ళ ముందు పెట్టుకుని చూశాను. ఆగిపోయిన వరస, చూస్తున్న తల్లిదండ్రులు, దగ్గరికొస్తున్న సార్, చేతిలో బకెట్‌తో నేను.

"లేదమ్మా" అన్నాను. "తినమనేదాన్నే."

"నేనూ అదే అనుకున్నా" అంది. గొంతులో కోపం లేదు. "అందుకే చెప్పలేదు."

నేను గుడ్డ మళ్ళీ తడిపి పిండి, దాని రెండో పాదం అందుకున్నాను. అది కాసేపు పైకప్పు వైపు చూసి, "ఇంకా ఎంతసేపుంది?" అని అడిగింది.

"నాలుగ్గంటలు."

"పర్లేదు" అంది. అటు తిరిగి పడుకుంది.